ఇనాం రిజిస్టరు నుంచి ఊరి పాత పటం దాకా: మాన్యాలను మ్యాపు మీదికి తెచ్చే పద్ధతి

"మంగలి మాన్యం", "దేవుడి చెక్క", "అగ్రహారం పొలం" అని ఇప్పటికీ పిలుచుకునే భూములు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇచ్చిన ఇలాంటి భూమినే మాన్యం అనీ, రికార్డుల్లో ఇనాం అనీ అంటారు. ఆ పొలం ఎవరిది, ఎవరిచ్చారు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండేది అని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు కూడా తలో మాట చెప్తారు. ఆ జవాబుల్లో చాలావరకు నూట అరవై ఏళ్ళ కిందట బ్రిటిష్ వాళ్ళు రాయించిన రిజిస్టర్లలో ఉన్నాయి. వాటిని చదివి, ఒక్కో మాన్యాన్నీ ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద గీసుకుంటూ పోతే 1860 నాటి ఊరు కళ్ళ ముందుకొస్తుంది. ఈ పనికి సర్వే చదువు అక్కర్లేదు. ఓపిక కావాలి, ఒక ల్యాప్‌టాప్ కావాలి, ఊరి పొలాల్లో రెండు మూడు రోజులు నడవగలగాలి.

ముందే ఒక మాట. ఒక్క మాన్యాన్ని పట్టుకుని దాని చోటు తేల్చాలని చూస్తే పని జరగదు. పాత కాగితం భూమిని పక్కవాళ్ళ పేర్లతో చెప్తుంది, పక్కవాళ్ళు ఎవరో తెలియకపోతే మన భూమీ దొరకదు. అందుకే ఊరి మాన్యాలన్నిటినీ కలిపి గీయాలి. మీకు కావలసింది మీ తాతగారి ఎకరన్నరే అయినా సరే.

మొదటి అడుగు: మీ ఊరు ఎవరి పాలనలో ఉండేదో తేల్చుకోండి

ఏ రికార్డు కోసం వెతకాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఉత్తర సర్కారులు, అంటే కోస్తా జిల్లాలు, 1760ల్లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి, గుంటూరు మాత్రం 1788లో వచ్చింది. దత్తమండలాలను, అంటే ఇప్పటి రాయలసీమ వైపు జిల్లాలను, నిజాం 1800లో ఇచ్చేశాడు. అక్కడ 1807 దాకా థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి పొలం పొలం కొలిపించి, రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీకి పునాది వేశాడు. సర్కారుల్లో 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం జమీందార్లను నిలబెట్టింది.

1802 అనే ఈ సంవత్సరాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. అప్పటికే ఉన్న ఇనాములను జమీందారు ఆస్తి లెక్కలో కలపలేదు, వాటి మీద హక్కును సర్కారు తన దగ్గరే ఉంచుకుంది. అందుకే వాటిని తర్వాత ఇనాం కమిషన్ విచారించి రాసింది. 1802 తర్వాత జమీందారు తన భూమిలోంచి ఇచ్చిన ఇనాములను దర్మిలా ఇనాములంటారు. అవి ఇనాం కమిషన్ రిజిస్టర్లో ఉండవు. "మా మాన్యం రిజిస్టర్లో లేదు, ఎవరో పేజీ చింపేశారు" అని బాధపడే వాళ్ళు ముందు ఈ సంగతి చూసుకోవాలి. దర్మిలా అయితే ఎస్టేటు లెక్కల్లో, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్మెంట్ అడంగల్లో (ఊరి పొలాల లెక్క పుస్తకంలో) వెతకాలి.

తెలంగాణ ఊళ్ళ దారి వేరు. అక్కడ మీకు కావలసినవి ముంతఖబ్ (ఇనాం ఖాయం చేసిన పత్రం), సేత్వార్ (మొదటి సర్వే రిజిస్టరు), 1954–55 ఖాస్రా పహాణీ (పొలాల వారీ అనుభవదారుల లెక్క), టిప్పన్ (పొలం కొలతల చిత్తు), అతియాత్ (ఇనాముల) విచారణ ఫైళ్ళు. ఉర్దూ చదవగలిగిన మనిషి తోడు ఉండాలి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌తో మొదలుపెట్టండి. పటం గీసే పద్ధతి రెండు చోట్లా ఒకటే కాబట్టి, ఇక్కడి నుంచి కోస్తా, రాయలసీమ కాగితాల గురించే చెప్తాను.

రెండో అడుగు: కాగితాలు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మద్రాసు ప్రభుత్వం 1858లో జి.ఎన్. టేలర్‌ను ఇనాం కమిషనరుగా పెట్టింది. 1869 దాకా జరిగిన ఆ విచారణలో ప్రెసిడెన్సీలోని ప్రతి ఊరి ఇనాములనూ వరసగా రాశారు. ఇచ్చింది రాజులు, నవాబులు, జమీందార్లు. ఖాయం చేసి టైటిల్ డీడ్ (హక్కు పత్రం) చేతికిచ్చింది మాత్రం బ్రిటిష్ సర్కారు. ఈ రిజిస్టరుకు సాక్ష్యంగా చాలా విలువ ఉందని 1919లో ప్రివీ కౌన్సిల్ చెప్పింది, ఇప్పటికీ కోర్టుల్లో దీన్ని చూపిస్తూనే ఉన్నారు.

దాంతోపాటు కావలసినవి:

- రీసెటిల్మెంట్ రిజిస్టరు, అంటే సర్వే నంబర్ల వారీగా ఊరి భూముల లెక్క. ఆఫీసుల్లో ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి డైగ్లాట్ అని కూడా పిలుస్తారు.
- గ్రామ పటం, సర్వే నంబర్ల వారీ ఎఫ్‌ఎంబీలు (ఒక్కో పొలం కొలతల పటాలు).
- పాత రిజిస్టర్డ్ దస్తావేజులు. మీ ఇంట్లో ఉన్నవి, పక్క పొలాల వాళ్ళవి, ఎన్ని దొరికితే అన్ని.
- గుడి మాన్యాలుంటే దేవాదాయ శాఖ దగ్గరున్న ఆలయ ఆస్తుల రిజిస్టరు.
- మీ ఊరి కైఫియత్తు దొరికితే అదృష్టమే. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా కరణాల చేత రాయించినవి ఇవి. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఎవరు ఏమిచ్చారు అన్నవి ఇందులో కథలాగా ఉంటాయి. గుంటూరు వైపు ఊళ్ళవి బాగా దొరుకుతాయి.

రిజిస్టరు నకలు కోసం దరఖాస్తులో ఊరి పేరు, పాత తాలూకా పేరు రెండూ రాయండి. ఇప్పటి మండలాలు 1980ల్లో వచ్చాయి, రిజిస్టరు పాత తాలూకా ప్రకారమే ఉంటుంది. మొదటిసారి నేను మండలం పేరు ఒక్కటే రాసి ఇచ్చాను. "రికార్డు అందుబాటులో లేదు" అని జవాబు వచ్చింది. తాలూకా పేరు చేర్చి మళ్ళీ పెడితే అదే ఆఫీసులో దొరికింది. లేదనగానే వెనక్కి రాకండి. మాన్యం ఒక్కదాని నకలు కాకుండా ఊరి మొత్తం పేజీలు అడగండి. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ అవి లేకుండా ముందుకు పోలేరు.

మూడో అడుగు: రిజిస్టరు చదవడం

పెద్ద కాగితం మీద ఇరవైకి పైగా నిలువు గడులు, చేతిరాత ఇంగ్లీషు. మొదట చూసినప్పుడు టెన్షన్ వస్తుంది. రెండు మూడు పేజీలు కూడబలుక్కుని చదివితే ఆ రాత అలవాటవుతుంది, ఎందుకంటే అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

గడుల్లో ఉండేవి ఇవి: ఇనాం ఏ రకానిది, పొలం పేరు లేదా నంబరు, మెట్టా పల్లమా తోటా, విస్తీర్ణం, శిస్తు, పూర్తిగా పన్ను లేనిదా లేక జోడి (తగ్గించిన శిస్తు) కట్టేదా, వంశపారంపర్యమా, ఎవరు ఏ సంవత్సరంలో ఇచ్చారు, సనదు (ఇచ్చినట్టు రాసిన పత్రం) ఉందా, మొదట పుచ్చుకున్నది ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసు, మొదటివారికి ఏమవుతాడు, వారసులు ఎవరు, చివర డిప్యూటీ కలెక్టరు అభిప్రాయం, దాని మీద తీర్పు.

తెలుగు పేర్లు ఇంగ్లీషు చెవికి ఎలా వినపడితే అలా రాశారు. అక్షరం అక్షరం కూడబలక్కుండా పైకి చదవండి. చెవికి తగిలాక పేరు దానంతట అదే తెలుస్తుంది.

ప్రతి పద్దునూ ఒక స్ప్రెడ్‌షీటులో ఒక వరసగా ఎక్కించండి. రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మీరు అర్థం చేసుకున్నది పక్క గడిలో. ఈ రెండూ కలిపేస్తే ఆరు నెలల తర్వాత ఏది రికార్డు, ఏది మీ ఊహ అన్నది మీకే తెలియదు.

ఇక్కడ తొందరపడొద్దని గట్టిగా చెప్తాను. చాలామంది అగ్రహారం పద్దులూ, గుడి పద్దులూ రాసుకుని మిగతావి వదిలేస్తారు. ఊరు నిజంగా కనపడేది ఆ మిగతావాటిలోనే. మంగలి, చాకలి, కుమ్మరి, వడ్రంగి, కంసాలి, తలారి, వెట్టి, చెరువు తూము చూసే నీరటికాడు, గుడి ముందు మేళం వాయించేవాళ్ళు, పంచాంగం చెప్పే బ్రాహ్మడు, మసీదు ముజావరు — ఊరికి చేసే పనికి బదులుగా వీళ్ళకు అరెకరమో ఎకరమో మాన్యం ఉండేది. రాజుల శాసనాల్లో వీళ్ళ పేర్లు అరుదు. ఇక్కడ మాత్రం మనిషి పేరు, వయసు, తండ్రి పేరు, కొడుకుల పేర్లతో సహా ఉంటాయి. దేవదాసీల మాన్యాల పద్దుల్లో తల్లి నుంచి కూతురికి వచ్చిన వరస కనిపిస్తుంది. ఆడవాళ్ళ పేర్లు అంతగా దొరకని ఆ కాలపు కాగితాల్లో ఇది ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. 1860లో ఒక చాకలి కుటుంబం ఏ పేర్లతో, ఏ చేను పక్కన బతికిందో చెప్పే కాగితం మరొకటి ఉండటం చాలా కష్టం. ఈ పేర్లు జాగ్రత్తగా ఎక్కించండి.

తీర్పు గడి కూడా వదలొద్దు. యాభై ఏళ్ళు వరసగా అనుభవంలో ఉంటే సనదు లేకపోయినా ఇనాం చెల్లుతుందని అప్పటి నియమం. సొంత ఇనాములను క్విట్ రెంటు (నామమాత్రపు శిస్తు) కట్టించుకుని పూర్తి హక్కుగా మార్చారు. గుడి, మసీదు, సత్రం మాన్యాలను ఆ సేవ జరుగుతున్నంతకాలం సాగేలా ఖాయం చేశారు. ఈ తేడా వల్లే ఇప్పటికీ కొన్ని సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద అమ్మకం నిషేధించిన భూముల జాబితాలో కనపడి జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

నాలుగో అడుగు: తేదీలు, కొలతలు

ఫసలీకి (శిస్తు లెక్కల సంవత్సరానికి) 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ జులై 1న మొదలవుతుంది. ఫసలీ 1270 అంటే 1860 జులై నుంచి 1861 జూన్ దాకా. శాలివాహన శకానికి 78 కలపండి.

తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే, అది అరవై ఏళ్ళకోసారి వస్తుంది కాబట్టి, ఇచ్చినవారి కాలంతో సరిపోల్చాలి. రౌద్రి 1740, 1800, 1860ల్లో వచ్చింది. దాత వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అని ఉంటే ఆయన పాలన 1783 నుంచి 1816 వరకు, కాబట్టి అది 1800–01 రౌద్రే. లెక్క ఎటూ కుదరకపోతే కాగితాన్ని అనుమానించండి. పాత తేదీ వేసి తర్వాత రాసుకున్న సనదులూ ఉన్నాయి.

కొలతల్లో ముఖ్యమైనది గంటర్ గొలుసు. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అంటే ఎకరానికి లక్ష చదరపు లింకులు, సెంటుకు వెయ్యి. ఈ వెయ్యి అన్న అంకె గుర్తుంటే చాలు, ఎఫ్‌ఎంబీ లెక్కలన్నీ నోటితో అయిపోతాయి. గుంట అయితే 33 అడుగుల చదరం, 121 చదరపు గజాలు, ఎకరానికి 40.

చిక్కంతా విత్తుబడి లెక్కతో వస్తుంది. "రెండు తూముల విత్తుబడి" అంటే రెండు తూముల గింజలు చల్లేంత నేల. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని గింజల కొలత తెలిసినా, ఆ గింజలు పడే నేల ఊరూరికీ, మెట్టకూ పల్లానికీ మారుతుంది. పుస్తకంలో చూసి ఎకరాల్లోకి మార్చొద్దు. మీ ఊళ్ళోనే విత్తుబడి, సర్వే విస్తీర్ణం రెండూ తెలిసిన ఐదారు పొలాలు పట్టుకుని మీ ఊరి లెక్క మీరే తియ్యండి. తూముకు 38, 39, 40, 41, 42 సెంట్లు అని వచ్చాయనుకోండి, మీ ఊళ్ళో తూము విత్తుబడి సుమారు 40 సెంట్లు. మెట్టకు వేరుగా, పల్లానికి వేరుగా చెయ్యండి.

ఐదో అడుగు: రిజిస్టరును సర్వే నంబరుతో కలపడం

ఇనాం విచారణ నాటికి చాలా ఊళ్ళలో సర్వే నంబర్లు లేవు. రిజిస్టర్లో "రావిచెట్టు చేను" అని మాత్రమే ఉంటుంది. దాన్ని నంబరుతో కలిపేది టైటిల్ డీడ్ (టీడీ) నంబరు. ఆర్‌ఎస్‌ఆర్‌లో ప్రతి సర్వే నంబరు ఎదుట, చివరి గడిలో, అది ఇనాం అయితే టీడీ నంబరు రాసి ఉంటుంది. రిజిస్టరు నకలులోని టీడీ నంబరును ఇక్కడ వెతకండి. దొరికితే మాన్యానికి చోటు దొరికినట్టే.

విస్తీర్ణాలు సరిగ్గా కలవవు. రిజిస్టర్లో ఎకరం ఇరవై సెంట్లు, ఆర్‌ఎస్‌ఆర్‌లో ఎకరం ముప్పై నాలుగు ఉంటే కంగారు పడక్కర్లేదు. మొదటిది చాలాసార్లు కరణం లెక్క, రెండోది గొలుసు లెక్క. తేడా మరీ రెట్టింపు ఉంటే మాత్రం ఒక టీడీ కింద రెండు మూడు సర్వే నంబర్లు ఉన్నాయేమో చూడండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మీ ఊరు అందులో ఉంటే పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన ఉండే పట్టిక ముందే సంపాదించండి. పాత ఎఫ్‌ఎంబీలు, గ్రామ పటం కాపీలు కూడా ఇప్పుడే తీసి దాచుకోండి. పదేళ్ళ తర్వాత దొరుకుతాయన్న భరోసా నాకు లేదు.

ఆరో అడుగు: పటాన్ని కంప్యూటర్లోకి తేవడం

క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. పాత గ్రామ పటాలు ఎక్కువగా మైలుకు పదహారు అంగుళాల స్కేలులో ఉంటాయి. అంటే పటం మీద అంగుళం నేల మీద 330 అడుగులు, ఐదు గొలుసులు. పటాన్ని మడతలు లేకుండా పరిచి స్కాన్ చేయించండి. ఫోన్‌తో తీసిన ఫొటోలో అంచులు వంగుతాయి.

సాఫ్ట్‌వేర్లో జియోరెఫరెన్సర్ తెరిచి, పటం మీద ఒక చోటునీ ఉపగ్రహ చిత్రం మీద అదే చోటునీ జతచేస్తూ కనీసం ఆరు బిందువులు పెట్టండి. అవి ఊరి నలువైపులా పరుచుకుని ఉండాలి. చోట్లను మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతి ఎంచుకుని, చాలా జిల్లాలకు 44 ఉత్తర జోన్, కోడ్ 32644 పెట్టుకోండి. అనంతపురం వైపు పడమటి ఊళ్ళకు 32643.

ఏ బిందువులు పెడతారన్న దాని మీదే పటం నాణ్యత ఉంటుంది. కదలనివి ఎంచుకోండి. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోట పాతిన సర్వే రాయి, చెరువు కట్ట మలుపు, అలుగు, పాత గుడి, కొండ అంచు. కాలువ గట్టు, తారు రోడ్డు నమ్మొద్దు. లంక భూములు, ఏటి ఒడ్డు అసలే వద్దు, ఒక్క వరదకు అవి మారిపోతాయి.

తర్వాత ఒక్కో సర్వే నంబరునూ ఎఫ్‌ఎంబీతో సరిచూడండి. ఎఫ్‌ఎంబీలో పొలాన్ని త్రిభుజాలుగా కోసి, ప్రతి గీత మీద లింకులు రాసి ఉంటాయి. ఒక త్రిభుజం అడుగు 640 లింకులు, దాని మీదికి నిట్టనిలువు గీత 250 లింకులు అనుకోండి. 640ని 250తో గుణించి సగం చేస్తే 80,000, వెయ్యితో భాగిస్తే 80 సెంట్లు. త్రిభుజాలన్నీ కలిపిన మొత్తం ఆర్‌ఎస్‌ఆర్ విస్తీర్ణానికి దగ్గరగా రావాలి. రాకపోతే ముందు అంకెను తప్పుగా చదివారేమో చూడండి. పాత రాతలో 1, 7 ఒకలాగే ఉంటాయి. కొత్త ఎఫ్‌ఎంబీలు మీటర్లలో ఉంటాయి, లింకు 20.1 సెంటీమీటర్లు.

ఏడో అడుగు: చెక్కుబందీ పట్టుకుని కలపడం

టీడీ నంబరుతో దొరికిన మాన్యాలను ముందు రంగు వేయండి. మిగిలిపోయిన వాటికి చెక్కుబందీయే, అంటే నాలుగు వైపుల హద్దుల వివరమే దిక్కు. ఇనాం రిజిస్టర్లో సాధారణంగా నాలుగు హద్దులు ఉండవు. సనదుల్లో, పాత దస్తావేజుల్లో ఉంటాయి.

"తూర్పు: చెరువు" అంటే చెరువు మన పొలానికి తూర్పున ఉందని. పొలం చెరువుకు తూర్పున ఉందని కాదు. రాసి ఉన్నప్పుడు తేలిగ్గానే కనిపిస్తుంది. రాత్రి పదకొండింటికి ముప్పై పద్దులు వరసగా చదువుతున్నప్పుడు మెదడు తిరగేసుకుంటుంది. నేను ఒక దేవుడి మాన్యాన్ని చెరువుకు అవతల గట్టున గీసి, దాన్ని ఆనుకుని మరో నాలుగు గీసి, రెండు వారాల తర్వాత అవేవీ పక్క ఊరి హద్దులో ఇమడకపోయాకే పట్టుకున్నాను. అప్పటి నుంచి ప్రతి పద్దుకూ చిన్న చతురస్రం గీసి నాలుగు వైపులా హద్దులు రాసుకుని, ఆ తర్వాతే మ్యాపు ముట్టుకుంటున్నాను.

ఆ చతురస్రాలను కాగితం ముక్కలుగా కత్తిరించి నేల మీద పరవండి. కంసాలి మాన్యానికి ఉత్తరాన వడ్రంగి మాన్యం అని ఒక కాగితంలో ఉంటే, వడ్రంగి మాన్యానికి దక్షిణాన కంసాలి అని ఇంకో కాగితంలో ఉండాలి. రెండూ ఒప్పుకుంటే ఆ జత ఖాయం. ఇలా జతలు కలుపుతూ పోతే ఒక గుత్తి తయారవుతుంది, ఆ గుత్తిలో ఒక్క పొలం సర్వే నంబరు తెలిసినా మిగతావన్నీ చోటు చూసుకుంటాయి.

హద్దులో "కాలువ" అని ఉంటే కాగితం తేదీ చూడండి. గోదావరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కృష్ణా ఆనకట్ట 1855కి పూర్తయింది. డెల్టాలో అంతకుముందు కాగితంలో కాలువ అంటే అది పాత వాగో మురుగు పాయో అయ్యుంటుంది గానీ ఇప్పటి పంట కాలువ కాదు. డొంకలు, పుంతలు మాత్రం ఎక్కువగా పాత దారినే ఉంటాయి, హద్దుకు వాటిని నమ్మొచ్చు.

గ్రామకంఠానికి ఎఫ్‌ఎంబీ ఉండదు. ఊరి ఇళ్ళ వరసలు, పేటలు, పాత కోట కందకం మీరే నడిచి గీయాలి.

ఎనిమిదో అడుగు: నడక

మ్యాపు ఫోన్‌లో వేసుకుని వేసవిలో వెళ్ళండి, పైరు లేనప్పుడు గట్లూ రాళ్ళూ కనపడతాయి. పెద్దవాళ్ళను "ఈ సర్వే నంబరు ఎవరిది" అని అడగొద్దు, ఆస్తి తగాదా కోసం వచ్చారనుకుంటారు. "ఈ చేను పేరేంటి తాతా" అని అడగండి. పొలం పేర్లు మనుషుల పేర్ల కన్నా గట్టివి. భూమి మూడు చేతులు మారినా "కుమ్మరోళ్ళ చెక్క" అలాగే ఉంటుంది.

రిజిస్టర్లో పేరుండి ఇప్పుడు ఇళ్ళు లేని పల్లెలు తగిలితే వాటిని వదలకండి. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు, డొక్కల కరువని కూడా అంటారు, గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసింది. అలాంటి కరువుల్లో ఖాళీ అయిన ఊళ్ళు తర్వాత పక్క ఊరికి శివారుగా కలిసిపోయాయి. చుట్టూ పొలాలుండి మధ్యలో ఒంటరి గుడి, పూడిపోయిన బావి, కుండ పెంకులు పరుచుకున్న దిబ్బ కనపడితే ఆ బిందువు నమోదు చేసుకుని, కైఫియత్తులో ఆ పేరుందేమో చూడండి. దిబ్బను తవ్వొద్దు.

చివరగా: గీతల్లో తేడా

మూడు రకాల గీతలు వాడండి. టీడీ నంబరు, సర్వే నంబరు రెండూ కలిసినవాటికి నిండు గీత. హద్దుల జతతో తేలినవాటికి మధ్య మధ్య తెగిన గీత. ఊరివాళ్ళ మాట ఒక్కటే ఆధారమైతే చుక్కల గీత. మ్యాపు మూలన, ఇది చరిత్ర కోసం గీసిన పటమనీ హక్కుకు రుజువు కాదనీ పెద్ద అక్షరాలతో రాయండి. ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టంతో, తెలంగాణలో 1955 చట్టంతో ఇనాములు రద్దయ్యాక ఆ భూముల మీద వేరే హక్కులు వచ్చాయి, వాటి సంగతి తేల్చేది రెవెన్యూ వాళ్ళూ కోర్టులూ.

అచ్చు వేయించి ఒక కాపీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. ఇంకో కాపీ, వీలైతే లామినేట్ చేయించి, రిజిస్టర్లో పేరు దొరికిన చాకలి, మంగలి, కుమ్మరి కుటుంబాల ఇళ్ళకు తీసుకెళ్ళండి. వాళ్ళ ముత్తాత తండ్రి పేరు, 1860లో ఆయన వయసు, ఆయన దున్నిన చేను ఎక్కడుందో వేలితో చూపించండి.